రీఫ్ ట్యాంకులో ఐప్టేసియా, మజానో బెడద: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉప్పునీటి ట్యాంకు నడిపేవాళ్లకు రీఫ్ (పగడాల ట్యాంకు) సామాను ఊళ్లో దొరకడం కష్టం. కోరల్స్ (బతికున్న పగడాలు) బెంగళూరు నుంచో చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో రాత్రి బస్సులో దిగుతాయి. వాటి రాయికి అంటుకుని ఐప్టేసియా, మజానో అనే పనికిరాని ఎనిమోన్లు (పగడాలకు చుట్టమైన, కుట్టే మెత్తటి జీవులు) కూడా దిగుతాయి. మన మెడికల్ షాపు, కెమికల్ షాపు సరుకుతో ఎంతవరకు పని జరుగుతుందో, ఎక్కడ బయటి నుంచి తెప్పించుకోక తప్పదో ఇక్కడ రాశాం.

ట్యాంకులో కనిపిస్తున్నది ఐప్టేసియానో కాదో ఎలా తెలుస్తుంది?

సన్నటి పుల్లతో మెల్లగా తాకి చూడండి. ఐప్టేసియా అయితే రెప్పపాటులో ముడుచుకుని రాతి కన్నంలోకి దిగిపోతుంది. పైన చిన్న గోధుమరంగు బొడిపె మాత్రం మిగులుతుంది. విచ్చుకున్నప్పుడు ఒళ్లు లేత గోధుమరంగులో, అవతలివైపు కనిపించేంత పల్చగా ఉంటుంది. పొడవాటి కాడ, దాని మీద గుండ్రటి నోటిభాగం, అంచు చుట్టూ కొసలు తేలిన సన్నటి టెంటకిల్స్ (తీగల్లాంటి చేతులు). వెలుతురు తగలని చోట పెరిగితే దాదాపు తెల్లగా ఉంటుంది. బాగా కదిలిస్తే ఒంటి పక్కల నుంచి, నోట్లోంచి తెల్లటి దారాలు వదులుతుంది. ఆ దారాల నిండా కుట్టే కణాలే. పక్కనున్న కోరల్ కాలిపోయినట్టు కనబడేది వీటివల్లే.

మజానో వేరు. పొట్టిగా, లావుగా ఉంటుంది. టెంటకిల్స్ కొసలు ఉబ్బి ఉంటాయి. ఆకుపచ్చగానో, గులాబీ రంగు కొసలతోనో చూడ్డానికి ముచ్చటగా ఉండటంతో, కొత్తవాళ్లు బబుల్ టిప్ ఎనిమోన్ (కావాలని పెంచుకునే రకం) పిల్ల అనుకుని ముద్దుగా పెంచుతారు. ముట్టుకుంటే ఐప్టేసియా అంత వేగంగా ముడుచుకోదు.

చంపకూడనివీ ఉన్నాయి. ఈకల గుత్తిలా విచ్చుకుని, తాకగానే సన్నటి గొట్టంలోకి వెళ్లిపోయేది గొట్టపు పురుగు. అది నీటిని వడపోసే జీవి, దాని జోలికి పోవద్దు. రాత్రిపూట మాత్రమే విచ్చుకుని, టెంటకిల్ కొసన చిన్న గుండు ఉన్నది బాల్ ఎనిమోన్. అది ట్యాంకును ముంచెత్తేంతగా పెరగదు. మందు పట్టుకునే ముందు ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి.

ఒక్కటే ఉంది. ఉంచేస్తే ఏమవుతుంది?

ఒక్కటిగా ఉండదు. ఐప్టేసియా రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకటి, నీళ్లలోకి అండాలు, వీర్యకణాలు వదలడం, వాటి నుంచి లార్వాలు పుట్టడం. రెండోదే ట్యాంకులో మనల్ని ఏడిపించేది: కాలిభాగం రాతి మీద జరిగేటప్పుడు చిన్న చిన్న కండముక్కలు వెనక వదిలేస్తుంది, ప్రతి ముక్కా కొన్ని రోజుల్లో పూర్తి ఎనిమోన్ అవుతుంది. తల్లి చుట్టూ ఆవగింజంత పిల్లలు గుంపుగా కనిపిస్తే ఈ పని మొదలైనట్టే. ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో దానికి తిండి తయారుచేస్తాయి, వెలుతురు లేకపోతే నీళ్లలో కొట్టుకొచ్చింది తిని బతుకుతుంది. ఈ మొండితనం వల్లే పగడాలకూ శైవలాలకూ ఉన్న బంధాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. 2015లో దీని జన్యుపటం కూడా ప్రచురితమైంది.

ఒక్కటి ఉన్నప్పుడే పట్టుకుంటే అరగంట పని. యాభై అయ్యాక నెలల పని.

చిమ్టాతో పీకేస్తే పోదా?

పోదు, ఎక్కువవుతుంది. బుడ్డల చేలో తుంగను పైపైన పీకితే గడ్డ నేలలోనే ఉండి మళ్లీ మొలిచినట్టు, రాతి కన్నంలో మిగిలిన కండముక్క మళ్లీ లేస్తుంది. తుంగ ఉన్నచోటే మొలుస్తుంది, ఇదైతే తెగిన ముక్కలు నీటి ప్రవాహంలో కొట్టుకుపోయి ట్యాంకు ఆ చివర కూడా అంటుకుంటాయి. ట్యాంకు లోపల గీకడం, నలపడం, కత్తిరించడం, టూత్‌బ్రష్‌తో రుద్దడం: ఈ నాలుగూ చేయవద్దు. గాజు మీద ఉన్నదాన్ని మాత్రం, వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) ఆపి, సైఫన్ పైపు దాని మీద ఆనించి, నీళ్లు లాగుతూ పాత ఏటీఎం కార్డుతో కాలికింద నుంచి ఒక్క ముక్కగా లేపి బకెట్లోకి లాగేయవచ్చు.

ఎన్ని ఉంటే ఏ పద్ధతి?

పది లోపు, చేతికి అందే చోట ఉంటే సున్నం ముద్ద లేదా కొన్న మందు. పది నుంచి ముప్పై నలభై వరకు ఉంటే పెద్దవాటికి ముద్ద పెట్టి, చిన్నవాటికి, వాటిని తినే పెప్పర్‌మింట్ రొయ్యల్ని వదలాలి. అంతకు మించి రాళ్ల వెనక, అడుగున, సంప్‌లో (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టిలో) కూడా నిండిపోతే సిరంజితో గెలవలేం. మనకు కనిపించేవి సగమే. అప్పుడు బెర్గియా (ఐప్టేసియాను తినే, చిప్ప లేని సముద్రపు నత్త) లాంటి జీవులైనా తెచ్చుకోవాలి, లేదా ఒక్కో రాయిని బయటకు తీసి పూర్తిగా శుద్ధి చేయాలి. ఒకే రాయి మీద గుంపుగా ఉండి, ఆ రాయి మీద విలువైన కోరల్ ఏదీ లేకపోతే ఆలోచించకుండా ఆ రాయిని తీసేయండి. అంతకన్నా చవకైన మార్గం లేదు.

సున్నం ముద్ద ఎలా చేయాలి, ఎలా పెట్టాలి?

కావలసినవి: ల్యాబ్ గ్రేడ్ లేదా ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి, 3 మి.లీ. సిరంజి, 18 గేజ్ సూది (దాని మొదలు గులాబీ రంగులో ఉంటుంది), టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా ఉన్న ఆర్వో-డీఐ నీళ్లు (ఆర్వో తర్వాత డీఐ రెసిన్‌లోంచి కూడా వడపోసినవి), చేతి గ్లవ్స్, కళ్లద్దాలు. ఇన్సులిన్ సిరంజి పనికిరాదు, దాని సూది సన్నం కాబట్టి ముద్ద అడ్డుపడుతుంది. సూది మొనను ఆకురాయితో అరగదీసి మొద్దు చేయండి. గుచ్చే అవసరం లేదు, మీద పోయడమే పని.

కొలత ముఖ్యం. 100 లీటర్ల నీటికి ఒక రోజులో 1 గ్రాము పొడి దాటకూడదు. అంటే అర టీస్పూను కన్నా కాస్త తక్కువ. ఆ 1 గ్రామూ పూర్తిగా కరిగితే 100 లీటర్లలో ఆల్కలినిటీ (నీటి క్షారశక్తి) దాదాపు 0.75 డీకేహెచ్ (దాని కొలమానం), పీహెచ్ దాదాపు 0.3 పెరుగుతాయి. రెట్టింపు వాడితే రొయ్యలు, సున్నితమైన కోరల్స్ తట్టుకోలేవు. ట్యాంకు లెక్కలో రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేయండి. 200 లీటర్ల ట్యాంకులో అసలు నీళ్లు 160, 170 లీటర్లే ఉంటాయి.

1. ఈ పని పొద్దున్నే, లైట్లు వెలగకముందు లేదా వెలిగిన గంటలోపు పెట్టుకోండి. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ అప్పుడే అన్నింటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి సున్నం తెచ్చే పెరుగుదల ప్రమాదం దాకా పోదు. సాయంత్రం చేస్తే అప్పటికే ఎక్కువున్న పీహెచ్ మీద ఇది తోడవుతుంది. టాప్-అప్ నీళ్లలో (ఆవిరైనదానికి బదులు పోసే నీళ్లలో) రోజూ సున్నం కలిపే అలవాటుంటే ఆ రోజుకు ఆపేయండి.

2. 1 గ్రాము పొడిలో చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ పుల్లతో కలపండి, ఒకటిన్నర మి.లీ. దగ్గర ఆగండి. సిరంజిలోంచి తోస్తే సాగుతూ రావాలి, నీళ్లలో చెదిరిపోకూడదు. చెదిరితే పల్చన అయినట్టు, ఇంకాస్త పొడి వేయండి.

3. వేవ్‌మేకర్, రిటర్న్ పంపు (సంప్ నీళ్లను పైకి తోసేది), స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసేది) అన్నీ ఆపండి. రెండు మూడు నిమిషాలు నీళ్లు నిలకడ పట్టనివ్వండి.

4. ఎనిమోన్ పూర్తిగా విచ్చుకుని ఉండాలి. విచ్చుకోకపోతే కరిగించిన బ్రైన్ ష్రింప్ (మేతగా అమ్మే బుల్లి రొయ్యలు) రెండు చుక్కలు దగ్గర వదలండి. సూదిని పక్క నుంచి, నీడ పడకుండా తీసుకెళ్లి సరిగ్గా నోటి మీద 0.2 నుంచి 0.3 మి.లీ. మెల్లగా వదలండి. ముడుచుకునేటప్పుడు ముద్దను కూడా లోపలికి లాక్కుంటుంది. మనకు కావలసింది అదే. ముడుచుకున్నాక కన్నం నోరు మూసుకునేలా పైన ఇంకో పూత పెట్టండి.

5. పది పదిహేను నిమిషాలు ఏదీ ఆన్ చేయొద్దు. చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే దూరంగా ఒక ఎయిర్ స్టోన్ పెట్టండి.

6. పంపులు వేసేముందు మిగిలిన తెల్లటి పెచ్చును సన్నటి పైపుతో లాగేయండి. వదిలేస్తే ఎగిరి కోరల్స్ మీద పడి మచ్చలు పెడుతుంది.

ఈ కొలతకు ఒక రోజులో ఐదారు ఎనిమోన్లు అవుతాయి. మిగతావాటికి మూడు రోజులు ఆగండి. అన్నీ ఒకేసారి చంపాలన్న తొందరే ఎక్కువ ట్యాంకుల్ని పాడుచేస్తుంది: చచ్చిన కండ కుళ్లి అమ్మోనియా లేస్తుంది, పీహెచ్ పైకి పోతుంది, రెండూ ఒకే రోజు. పీహెచ్ ఎక్కువైతే అమ్మోనియా విషం కూడా ఎక్కువవుతుంది.

ఏడో రోజున, మళ్లీ పద్నాలుగో రోజున అదే చోట వెతకండి. కన్నం అంచుల్లో ఆవగింజంత తలలు కనబడితే అప్పుడే మళ్లీ పెట్టాలి. ఈ రెండో విడతను వదిలేసినవాళ్లే సున్నం పనిచేయదని అంటుంటారు.

వక్కాకులోకి వాడే సున్నం సరిపోదా? గోడలకు వేసే సున్నం?

రసాయనం అదే అయినా, డబ్బాల్లో, ట్యూబుల్లో అమ్మే వక్కాకు సున్నంలో ఇంకేం కలిపారో తెలియదు. రంగు, వాసన, మెత్తదనం కోసం కలిపినవి ట్యాంకులోకి పోతాయి. గోడల సున్నంలో నీలం, జిగురు కలిపి ఉండొచ్చు కాబట్టి అసలే వద్దు. బట్టీ నుంచి తెచ్చిన కాల్చిన సున్నపురాళ్లు ఇంకా ప్రమాదం: నీళ్లు తగలగానే భగ్గున వేడెక్కి చిమ్ముతాయి, కళ్లు పోతాయి. కాలేజీ ల్యాబులకు సరఫరా చేసే కెమికల్ షాపులో అరకిలో కాల్షియం హైడ్రాక్సైడ్ సీసా తీసుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. మూత గట్టిగా పెట్టండి. గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని సుద్దగా మారి పనిచేయడం మానేస్తుంది.

నిమ్మరసం, వెనిగర్, వేడినీళ్లు పనిచేస్తాయా?

ఒకటీ రెండింటికి పనిచేస్తాయి. నిమ్మరసం గుడ్డలో వడకట్టి, పిప్పి లేకుండా, 0.5 నుంచి 1 మి.లీ. ఎనిమోన్ ఒంట్లోకి సూదితో ఎక్కించాలి. మీద పోస్తే నీళ్లలో కలిసిపోతుంది, ఫలితం ఉండదు. ఇక్కడే చాలామంది తప్పుతారు: సూది తగలగానే అది లోపలికి జారుకుంటుంది, రసం రాతి మీద పడుతుంది. అందుకే నోట్లోంచి కాకుండా కాడ పక్క నుంచి, అడుగుకు దగ్గరగా గుచ్చాలి. దీనికి ఇన్సులిన్ సిరంజి బాగుంటుంది. పులుపు పీహెచ్‌ను దించుతుంది కాబట్టి దీన్ని సాయంత్రం చేయాలి, సున్నానికి పూర్తిగా విరుద్ధం. 100 లీటర్లకు రోజుకు 10 మి.లీ. దాటొద్దు. తెల్ల వెనిగర్‌కూ ఇదే లెక్క.

మరిగిన నీళ్లు ట్యాంకు లోపల వట్టి శ్రమ, రెండంగుళాల లోతుకు చేరేలోపే చల్లబడతాయి. రాయిని బయటకు తీసి, ఎనిమోన్ ఉన్న కన్నంలోకి పది మి.లీ. నేరుగా పోస్తే మాత్రం చస్తుంది.

కాస్టిక్ సోడా వాడేవాళ్లు ఉన్నారు. మేము వద్దనే చెబుతాం. ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, సున్నంతో అయ్యే పనికి అంత ప్రమాదం అక్కర్లేదు.

ఐప్టేసియా-ఎక్స్ లాంటి కొన్న మందులు తెప్పించుకోవాలా?

డబ్బు పెట్టగలిగితే మంచివే. సున్నం మీద వీటికున్న మేలు ఒకటే: చిక్కదనం సరిగ్గా కుదిరి ఉంటుంది, ఎనిమోన్ దాన్ని మేత అనుకుని మింగుతుంది. సీసాను బాగా ఊపి, వంకర సూదితో నోటి దగ్గర మెల్లగా పెట్టాలి. తోసిన జోరు ఎక్కువైతే ముడుచుకుని మింగదు. పంపులు ఆపడం, రోజుకు కొన్నింటికే పెట్టడం, రెండో వారం మళ్లీ వెతకడం వీటికీ తప్పవు.

జిగురుతో కన్నం మూసేస్తే?

జెల్ రకం సూపర్ గ్లూ మాత్రమే పెడితే రెండు వారాల్లో పక్కనుంచి తొంగిచూస్తుంది. ముందు సున్నం ముద్ద లోపలికి నింపి, దాని మీద రీఫ్ ట్యాంకుల కోసం చేసిన ఎపాక్సీ పుట్టీని కన్నం అంచు నుంచి నాలుగు వైపులా సెంటీమీటరు దాకా అద్దితే నిలుస్తుంది. లోతైన కన్నాలకు ఇదే మంచి పద్ధతి. పైపులు అతికించే పుట్టీలు వాడొద్దు, అవి జలచరాల కోసం చేసినవి కావు.

పెప్పర్‌మింట్ రొయ్య తెప్పించాను, ఐప్టేసియాను ముట్టట్లేదు. ఎందుకు?

మూడు కారణాలు ఉంటాయి.

అది అసలు పెప్పర్‌మింట్ రొయ్య కాకపోవచ్చు. వీపు గూనిలా లేచి, కళ్లు పెద్దవిగా, ఎర్రచారల మధ్య తెల్ల గీతలు, చుక్కలు కొట్టొచ్చినట్టు ఉంటే అది క్యామెల్ రొయ్య. ఐప్టేసియాను వదిలేసి జోయాంథిడ్స్‌నీ (బొత్తాల్లా గుంపుగా పెరిగే మెత్తటి జీవులు) మెత్తటి కోరల్స్‌నీ తింటుంది. పెప్పర్‌మింట్ ఒళ్లు పల్చగా, నిలువు ఎర్రగీతలతో ఉంటుంది, తెల్ల గీతలు ఉండవు. అచ్చం అలాగే ఉండే దాని చుట్టపు జాతుల్ని కూడా ఇదే పేరుతో అమ్ముతారు. బస్సు ఎక్కించకముందే పక్క నుంచి తీసిన ఫొటో అడగండి.

రెండోది, దానికి కడుపు నిండుతోంది. మీరు వేసే మేత సులభంగా దొరుకుతుంటే కుట్టే జీవి జోలికి ఎందుకు పోతుంది? రాత్రి మేత ఆపేయండి, పగటి మేత సగం చేయండి.

మూడోది, ఐప్టేసియా పెద్దది. రొయ్యలు సెంటీమీటరు లోపువాటినే ఇష్టంగా తింటాయి. పెద్దవాటికి మీరే సున్నం పెట్టాలి.

100 లీటర్లకు రెండు మూడు రొయ్యలు చాలు. ప్రయాణం చేసి వచ్చిన రొయ్యను గంట, గంటన్నర చుక్కల పద్ధతిలో (ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ) అలవాటు చేశాకే వదలండి, ఉప్పుశాతంలో తేడాను తట్టుకోలేదు. ఆ ట్యాంకులో ఎప్పుడైనా రాగి మందు వాడి ఉంటే రొయ్యలు తేవొద్దు. పని రాత్రిళ్లు జరుగుతుంది కాబట్టి పగలు చూసి నిరాశపడకండి, రెండు వారాలు ఆగి లెక్కపెట్టండి.

బెర్గియా సంగతేంటి?

దొరికితే దీన్ని మించింది లేదు. రెండు సెంటీమీటర్ల సముద్రపు నత్తగుల్ల బంధువు, పైన చిప్ప ఉండదు. ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినదు, కోరల్స్‌కు హాని లేదు. మన చేయి అందని రాతి వెనక కన్నాల్లోకి కూడా పోతుంది. తెల్లటి చుట్టలుగా గుడ్లు పెట్టి ట్యాంకులోనే పెరుగుతుంది.

కష్టాలూ ఉన్నాయి. మన దేశంలో దొరకడం అరుదు, ఖరీదు ఎక్కువ, ఎండాకాలం ప్రయాణం తట్టుకోదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య తెప్పించుకోండి. సిక్స్‌లైన్ లాంటి రాస్ చేపలు, పెప్పర్‌మింట్ రొయ్యలు దీన్ని తినేస్తాయి. అంటే రొయ్య, బెర్గియా రెండూ ఒకే ట్యాంకులో కుదరవు, ముందే ఒకటి ఎంచుకోవాలి. వేవ్‌మేకర్లకూ ఓవర్‌ఫ్లోకూ (నీళ్లు సంప్‌లోకి దిగే చోటుకు) సన్నటి నురగ పలక కట్టకపోతే రాత్రికి రాత్రే పంపులోకి పోతుంది.

100 లీటర్లకు కనీసం నాలుగైదు వేయాలి. రాత్రి లైట్లు ఆరాక, పంపులు ఆపి, డ్రాపర్‌తో ఐప్టేసియా గుంపు పక్కనే దింపాలి. రెండు మూడు నెలలు పడుతుంది. మొదటి నెలంతా ఏమీ జరగనట్టే ఉంటుంది, పిల్లలు పెరిగాకే తేడా కనిపిస్తుంది. ఆ నెలల్లో సున్నం, నిమ్మరసం ఏదీ ముట్టుకోవద్దు. ఐప్టేసియా అయిపోగానే ఇవి ఆకలితో చచ్చిపోతాయి. కాబట్టి మిగిలినవాటిని ముందుగానే, ఈ బెడద ఉన్న ఇంకొకరికి ఇవ్వడం మంచిది.

ఐప్టేసియా తినే చేపలు?

ట్యాంకు 400 లీటర్ల పైన ఉంటేనే కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై గురించి ఆలోచించండి. 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, గడ్డకట్టించిన మేత అలవాటు చేసుకోక చాలావరకు మొదటి వారాల్లోనే చనిపోతాయి. ఒక పురుగును తీయడానికి ఒక చేప ప్రాణం పణంగా పెట్టడం మాకు నచ్చని పని. బ్రిస్టల్‌టెయిల్ ఫైల్‌ఫిష్ అంతకన్నా గట్టిది, చిన్న ట్యాంకుల్లోనూ బతుకుతుంది, ఐప్టేసియాను బాగానే తింటుంది. అయితే జోయాంథిడ్స్, కండ ఎక్కువున్న కోరల్స్ మీద కూడా నోరు వేయవచ్చు.

మజానోకు ఇవన్నీ పనిచేస్తాయా?

జీవులు పనిచేయవు. బెర్గియా మజానోను తినదు, పెప్పర్‌మింట్ రొయ్య నమ్మకం లేదు. రాకూన్ బటర్‌ఫ్లై తింటుంది కానీ దానితోపాటు కోరల్స్‌నూ తింటుంది. మిగిలింది సున్నం ముద్ద, కొన్న మందు, రాయి తీసేయడం. ఒళ్లు లావు కాబట్టి ఒక్కోదానికి 0.5 మి.లీ. దాకా పడుతుంది, చాలాసార్లు రెండు విడతలు కావాలి. మొత్తం కొలత మాత్రం పైన చెప్పినదే.

రాయిని తీసి మిద్దె మీద ఎండబెడితే చాలా?

ఏప్రిల్, మే ఎండలో మూడు నాలుగు వారాలు, రెండు రోజులకోసారి తిప్పుతూ ఎండబెడితే చాలు. మన ఎండ ఈ విషయంలో వరం. మొదటి వారం వాసన భరించలేం, నీళ్ల ట్యాంకుకు, పక్కింటి గోడకు దూరంగా పెట్టండి. వానాకాలం, చలికాలం అయితే బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్ ద్రవం, పొడి కాదు) వాడాలి: ఒక వంతు బ్లీచ్‌కు పది వంతుల నీళ్లు, 24 గంటలు, ఆరుబయట. తర్వాత ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, 10 లీటర్లకు రెండు మూడు గ్రాముల హైపో (క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్) వేసిన నీళ్లలో ఒక రోజు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టాలి. బ్లీచ్‌తో వెనిగర్, నిమ్మరసం, బాత్రూమ్ యాసిడ్ ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఆ రాయిలో మేలు చేసే బ్యాక్టీరియా కూడా పోతుంది. నేరుగా ట్యాంకులో పెట్టకుండా వేరే టబ్బులో ఉప్పునీళ్లు, పంపు పెట్టి, అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యేదాకా ఉంచండి. మూడు నుంచి ఆరు వారాలు. అన్ని రాళ్లూ ఒకేసారి తీయొద్దు. మూడో వంతు మించకుండా, విడతకు నెల ఎడం ఇవ్వండి.

పొయ్యి మీద ఉడకబెడితే తొందరగా అవుతుంది కదా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. జోయాంథిడ్, పాలీథోవా జాతి కోరల్స్‌లో పాలీటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. ఉడకబెడితే అది ఆవిరితోపాటు గాల్లోకి లేచి ఇంట్లోవాళ్లందరినీ ఆసుపత్రి పాలు చేస్తుంది. ఇలా జరిగిన సంఘటనలు వేర్వేరు దేశాల్లో నమోదయ్యాయి. బ్రష్‌తో రుద్దేటప్పుడు కూడా గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి.

తీసేసిన రాయి స్థానంలో కడప బండ ముక్కలు పెట్టొచ్చా? లేదా రామేశ్వరం నుంచి రాయి తెచ్చుకోవచ్చా?

కడప బండ దట్టమైన సున్నపురాయి. లోపల కన్నాలు ఉండవు కాబట్టి బ్యాక్టీరియా నివాసానికి పనికిరాదు. పాలిష్ చేయనిదైతే కోరల్ ముక్కలు పెట్టుకునే పలకగానో, బయట పని చేసుకునే బల్లగానో వాడుకోండి.

సముద్రం నుంచి పగడపు రాయి ఏరుకురావడం నేరం. గట్టి పగడాలు 2001లోనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి, రామేశ్వరం వైపున్న మన్నార్ సింధుశాఖలోని దీవులు, వాటి చుట్టూ ఉన్న నీళ్లు 1986 నుంచి జాతీయ సముద్ర పార్కు. కన్నాలున్న పొడి కృత్రిమ రాయి కొనుక్కోండి. దాంతో ఐప్టేసియా వచ్చే అవకాశమే లేదు.

మేత తగ్గిస్తే వాటంతటవే పోతాయా?

పోవు, పెరగడం నెమ్మదిస్తుంది. చేపలు రెండు నిమిషాల్లో తినేంతే వేయండి, గడ్డకట్టిన మేతను కరిగించిన నీళ్లు పారబోసి ముక్కలు మాత్రమే వేయండి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే చాలు. రెండింటినీ సున్నా చేయాలని చూస్తే కోరల్స్ పాలిపోతాయి, ఐప్టేసియా మాత్రం బతికే ఉంటుంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన బోరు నీళ్లు కఠినం, అనంతపురం వైపు ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు తాగడానికి మంచివే కానీ టీడీఎస్ సున్నా కాదు, మీటరు పెడితే తెలిసిపోతుంది. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ తప్పదు.

ఎండాకాలంలో మందు పెట్టొచ్చా?

నీళ్లు 28 డిగ్రీలు దాటితే ఆగండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చచ్చిన కండ త్వరగా కుళ్లుతుంది, పైగా పంపులు ఆపుతాం. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు నీళ్లు వేగంగా ఆవిరవుతాయి, ఉప్పుదనం 35 పీపీటీ (కిలో నీటికి 35 గ్రాములు) దాటకుండా మంచి ఆర్వో-డీఐ నీళ్లతో నింపుతూ ఉండాలి. కరెంటు కోత వేళలు కనుక్కుని, మందు పెట్టాక కనీసం నాలుగు గంటలు కరెంటు ఉండే సమయం చూసుకోండి.

ట్యాంకులో ఒక్కటీ లేదు, నెలకోసారి మళ్లీ వస్తున్నాయి. ఎక్కడి నుంచి?

సంప్‌లో చూడండి. ఓవర్‌ఫ్లో పెట్టె లోపలి గోడలు, రిటర్న్ పైపు మూతి, స్కిమ్మర్ అడుగు, హీటరు తగిలించిన రబ్బరు చూషకం వెనక. చీకట్లో తెల్లగా, చిన్నగా ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు, టార్చి ఏటవాలుగా కొట్టి వెతకాలి. అక్కడినుంచి ముక్కలు పంపు ద్వారా పైకి వస్తాయి. విడదీయగల సామానంతా తీసి వెనిగర్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, రుద్ది, ఎండలో ఆరబెట్టండి.

కొత్త కోరల్ వచ్చినప్పుడు ఏం చేయాలి? అయోడిన్ డిప్ చాలదా?

డిప్ (కోరల్‌ను మందునీటిలో కాసేపు ముంచడం) కొన్ని పురుగుల్ని చంపుతుంది, ఐప్టేసియాను చంపదు. ముడుచుకుని ఊరుకుంటుంది. కోరల్‌ను అది అతుక్కుని వచ్చిన ప్లగ్గు (చిన్న దిమ్మ) నుంచి కటింగ్ ప్లయర్‌తో వేరుచేసి కొత్త ప్లగ్గు మీద జెల్ గ్లూతో అతికించండి, పాత ప్లగ్గు ట్యాంకు గదిలోకి కూడా రాకూడదు. వేరుచేయడం కుదరనివాటిని 20, 30 లీటర్ల చిన్న ట్యాంకులో నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచండి. వారానికోసారి కొంచెం బ్రైన్ ష్రింప్ వేసి అరగంట తర్వాత భూతద్దంతో చూస్తే, దాక్కున్నవి మేతకు తలెత్తుతాయి.

నా ట్యాంకు కోరల్ ముక్కలు వేరేవాళ్లకు ఎప్పటినుంచి ఇవ్వొచ్చు?

చివరి ఐప్టేసియా కనిపించి ఎనిమిది వారాలు దాటాక, సంప్ కూడా చూశాక. ఇచ్చేటప్పుడు పాత రాతి ముక్క లేకుండా కొత్త ప్లగ్గు మీద అతికించి ఇవ్వండి, ట్యాంకులో ఇంతకుముందు ఈ బెడద ఉండేదని తీసుకునేవాళ్లకు ముందే చెప్పండి. ఆ సంచిలోని నీళ్లను తమ ట్యాంకులో పోయవద్దని కూడా చెప్పండి, తెగిన ముక్కలు అందులో ఉండొచ్చు.